ఇంటికి పైపు వైరింగు, షెడ్డుకు వేలాడే వైరు

గన్నవరం: కొత్తగా ఇల్లు కట్టుకునే రైతు గోడల్లో పైపులు వేయించి, బోర్డులు బిగించి ముచ్చటగా వైరింగు చేయించుకుంటున్నాడు. అదే రైతు పెరట్లో ట్రాక్టరుకో, గేదెలకో రేకుల షెడ్డు వేసేసరికి, మిగిలిన వైరు ముక్కలు రెండు అతికించి, ఇనుప దూలానికి చుట్టి, చివర ఒక బల్బు వేలాడదీసి ఊరుకుంటున్నాడు. గన్నవరం చుట్టుపక్కల గ్రామాల్లో చాలా పెరళ్లలో ఇదే వరస. ఈ విలేకరి షెడ్డు కూడా మొన్నమొన్నటి దాకా అలాగే ఉండేదని ఒప్పుకోక తప్పదు.

ఒక వానాకాలం ఉదయం పాలు తీయడానికి వెళితే మా గేదె కట్టుగొయ్య దగ్గరకు రానంటే రాదు. జబ్బు చేసిందేమో అనుకున్నాం. అనుమానం వచ్చి పక్కనున్న ఇనుప స్తంభానికి టెస్టరు పెడితే వెలిగింది! మెయిన్ ఆపి పైకెక్కి చూస్తే, రేకు అంచుకు రాసుకుని వైరు తొడుగు తెగి, లోపలి రాగి తీగ రేకుకు తగులుతోంది. మాకన్నా ముందు గేదె కనిపెట్టింది. పశువులు తడినేల మీద నిలబడతాయి. ముందు కాళ్లకు, వెనుక కాళ్లకు ఎడం ఎక్కువ. నేలలో పాకిన కరెంటు ఒక జత కాళ్లలో ఎక్కి మరో జతలో దిగుతుంది. మధ్యలో గుండె ఉంది. మనిషికి జివ్వుమనిపించి వదిలే షాకు గేదె ప్రాణం తీయవచ్చు.

వైరు తొడుగును రేకు ఒక్కటే కోయదు. ధాన్యం బస్తాలున్న చోట ఎలుకలు, పందికొక్కులు కొరుకుతాయి. ట్రాలీలో ఎత్తుగా వేసిన గడ్డి వైరును లాక్కుపోతుంది. అన్నిటికన్నా భయపడవలసింది షెడ్డు స్తంభానికి కట్టిన బట్టల దండెం. రేకులోకి కరెంటు వస్తే ఆ ఇనుప తీగలోకీ వస్తుంది. తడి బట్టలు ఆరేసే ఆడవాళ్లే దానికి బలవుతున్నారు. ఇనుప తీగ తీసేసి నైలాన్ తాడు కట్టుకుంటే పోయే పనికి ప్రాణాలు పోగొట్టుకోవడం విచారకరం.

షెడ్డుకు గోడలో దాచే వైరింగు అక్కర్లేదు. ఐ.ఎస్.ఐ. గుర్తున్న పి.వి.సి. పైపులో వైరు లాగి, క్లిప్పులతో బిగిస్తే చాలు. పలుచటి పైపు కొనవద్దు, ట్రాలీ తగిలితే పగులుతుంది. మనిషి ఎత్తు లోపల, పందికొక్కులు తిరిగే మూలల్లో ఇనుప పైపు వేసి దానికి ఎర్త్ ఇవ్వాలి. వైరు అతుకులు పైపు లోపల ఉండకూడదు, మూత ఉన్న పెట్టెలోనే ఉండాలి. పైపు నోళ్లు మూయడం మరచిపోతే ఎలుకకు మనమే దారి వేసినట్టు.

అయితే పైపు వేశాం గదా అని ధీమా పనికిరాదు. 60 వాట్ల బల్బు తీసుకునే కరెంటులో సగం కూడా అక్కర్లేదు, మనిషి ప్రాణం పోవడానికి. అంత కొద్ది కరెంటుకు ఫ్యూజు పోదు. అందుకే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించుకోవాలి. ఆ మేరకు కరెంటు పక్కదారి పడితే సెకనులో మూడోవంతు లోపే సరఫరా తెంపేస్తుంది. దాని మీద ఉన్న టెస్టు మీటను నెలకొకసారి నొక్కి చూడాలి. రెండు వైర్లూ ఒకేసారి పట్టుకున్నవాణ్ణి మాత్రం అది కూడా కాపాడలేదు. ఎర్త్ గుంత వేరే తవ్వించాలి. కొందరు మేస్త్రీలు ఎర్త్ తీగను న్యూట్రల్‌కే కలిపి చేతులు దులుపుకుంటున్నారు, అది ఒప్పుకోవద్దు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ ఇళ్లలోకి వచ్చిన సంగతి తెలిసిందే. పల్లపు స్థలాల్లో షెడ్డు బోర్డులు ఛాతీ ఎత్తుకు పైనే పెట్టుకోవడం మేలు. ఒకసారి నీట మునిగిన బోర్డును ఆరబెట్టి, పరీక్ష చేయించకుండా మెయిన్ వేయరాదు.

మీటరు దాటిన తరువాత వైరింగు బాధ్యత ఇంటి యజమానిదే. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు రేకుకు తగులుతుంటే మాత్రం స్వయంగా ఎక్కవద్దు. 1912కు ఫోను చేసి గానీ, లైన్‌మన్‌కు చెప్పి గానీ సరిచేయించుకోవాలి.