మోకాళ్ల నొప్పి - పాలమూరు సీమ సోదరీమణులకు కొన్ని మాటలు

నలువది యేండ్లు దాటిన స్త్రీలు నలుగురు కూడినచోట మోకాళ్ల నొప్పి ప్రస్తావన రాక మానదు. "వయస్సు మీరినది, ఇక నింతే" యని యూరకుండుట పరిపాటియైనది. ఈ నిరాశ తగదని మా యభిప్రాయము. అరిగిన కీలును మునుపటివలె జేయలేకున్నను, దానిపై బడు భారమును దగ్గించుటయు, చుట్టునున్న కండరములను బలపఱచుటయు మన చేతిలోని పనులే.

గద్వాల చీరను మెచ్చని స్త్రీ యుండదు. గుంటమగ్గముపై నేత సాగుచుండగా, ఇంటి స్త్రీలు గంటలకొలది నేలపై గూర్చుండి రాట్నముతో కండెలు చుట్టుదురు. ఆ ప్రాంతపు పత్తి విత్తనపు చేలలో వంగి పూవుపూవునకు పుప్పొడి నద్దువారును స్త్రీలే. వనపర్తి, నాగర్‌కర్నూలు వైపున వేరుసెనగ పనియు గొంతుకూర్చుండి చేయునదే. మోకాలిని పూర్తిగా మడిచి కూర్చుండునపుడు దానిపై నొత్తిడి మిక్కుటమగును. కావున ఎత్తైన పీటపై గూర్చుండుడు. అరగంట కొకమాఱు లేచి నాలుగడుగులు నడువుడు.

వ్యాయామమునకు ఖర్చు లేదు. కుర్చీపై గూర్చుండి యొక కాలిని తిన్నగా జాచి, అయిదు లెక్కించువఱకు నిలిపి, మెల్లగా దింపవలెను. ఒక్కొక్క కాలికి పదిమాఱులు, ఉదయసాయంకాలములు చేయుడు. తొడ కండరము బలపడినకొలది మోకాలికి ఊఱట కలుగును. స్థూలకాయులు బరువు తగ్గవలెను. శరీరమున ఒక కిలో తగ్గినచో, నడకలో అడుగడుగునకు మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారము తగ్గునని పరిశోధకులు చెప్పుచున్నారు.

ఇక ఆహారము. జొన్నరొట్టె మంచిదే, కాని 100 గ్రాముల జొన్నలలో కాల్షియము 30 మిల్లీగ్రాములైనను లేదు. రాగులలో 350 వఱకును, నువ్వులలో వేయికి పైగాను గలదు. స్త్రీకి దినమునకు 1000 మిల్లీగ్రాములు కావలెనని భారత వైద్య పరిశోధన మండలి 2020లో నిర్ణయించినది. సంక్రాంతికి సజ్జరొట్టెపై నద్దు నువ్వులు ఏడాది పొడవునను మన వంటింట నుండదగినవి. రాగిజావ, మజ్జిగ, ఆకుకూరలు తోడైన నింకను మేలు. ఇవి కీలునకు మందు గావు. కీలును మోయు నెముకకు బలము.

అంగళ్లలో నమ్ము గ్లూకోసమైన్ మాత్రల మాట యేమి? అమెరికాలో 1583 మంది రోగులపై జరిగి 2006లో వెలువడిన పరిశోధనలో, మొత్తముమీద నుత్తుత్తి మాత్రకంటె చెప్పుకోదగిన మేలు కానరాలేదు. అది తఱచుగా రొయ్యల, పీతల పెంకులనుండి తీయబడునని శాకాహారులు గుర్తింపవలెను. ఊరూర దిరిగి యమ్ము పేరులేని పొడులను ముట్టవలదు. అట్టివానిలో స్టీరాయిడ్లు కలిపిన సందర్భములు బయటపడినవి. నొప్పి మాత్రలను సలహా లేక దినదినము మ్రింగిన కడుపునకును మూత్రపిండములకును చేటు.

వ్రేళ్ల కీళ్లు వాచి, ఉదయమున అరగంటకు పైగా బిగిసియున్నచో నది వేఱు వ్యాధి కావచ్చును. ఆలసింపక వైద్యుని జూడవలెను. జ్వరముతో కీలు ఎఱ్ఱబడి వేడెక్కినచో ఆనాడే పోవలెను.

ఇంటిల్లిపాది తినగా మిగిలినది తిని, తన నొప్పిని కడపటికి నెట్టుట మన స్త్రీలకు అలవాటు. కండె చుట్టు చేయి ఆగిన మగ్గమును ఆగును గదా! ఆ తల్లికి ఎత్తైన పీట నొకటి, గ్లాసెడు మజ్జిగ సమకూర్చుట ఇంటివారందఱి పని.