సైకిలు గాలిలో, వేళ్ళు భద్రంగా!

ఆదివారం ఉదయం. చైనుకు నూనె వెయ్యాలి, బ్రేకు రబ్బర్లు సరిచెయ్యాలి అనుకుని సైకిలు దగ్గర కూర్చున్నారు. ఏం చేస్తారు? సైకిలును తలకిందులు చేసి సీటుమీద, హ్యాండిల్ మీద నిలబెడతారు. లేదా వెనక స్టాండు వేసి పెడలు గిరగిరా తిప్పుతారు. అవునా?

ఒకసారి సైకిలు షాపుకు వెళ్ళి చూడండి. చాలాచోట్ల దూలానికి గొలుసులు వేలాడుతుంటాయి. సైకిలును వాటికి తగిలించి మెకానిక్కు నడుం వంచకుండా పని చేసుకుంటాడు. చక్రాలు రెండూ గాలిలో తిరుగుతాయి. పని చెయ్యడానికి రెండు చేతులూ ఖాళీ. ఈ సౌకర్యం ఇంట్లోనూ ఏర్పాటు చేసుకోవచ్చు. కాని స్టాండును ఎన్నుకోవడంలో, వాడడంలో కాస్త భౌతికశాస్త్రం తెలిసి ఉండాలి.

స్టాండ్లు ఎన్ని రకాలు?

మొదటిది తాళ్ళ ఊయల. ఒక తాడు సీటు కింద, ఇంకో తాడు హ్యాండిల్ దగ్గర వేసి గట్టి దూలానికి కడతారు. ఖర్చు తక్కువ. కాని సైకిలు ఊగుతుంది.

రెండవది వెనక చక్రాన్ని మాత్రం పైకెత్తే పొట్టి స్టాండు. చైను పనికి ఇది చాలు. నేలకు దగ్గరగా ఉంటుంది కనుక పడిపోతుందన్న భయం తక్కువ.

మూడవది కాళ్ళున్న నిలువు కంబం. దాని తలమీద క్లాంపు ఉంటుంది. క్లాంపు సైకిలును గట్టిగా పట్టుకుంటుంది. అన్ని పనులకూ ఇది అనుకూలం. కాని పడితే ప్రమాదం ఎక్కువ.

ఎందుకు పడుతుంది?

ప్రతి వస్తువుకూ ఒక గరిమనాభి ఉంటుందని మీరు చదువుకున్నారు. వస్తువు బరువంతా ఆ బిందువు దగ్గరే ఉన్నట్టు లెక్క. గరిమనాభి నుంచి కిందికి గీసిన నిలువు గీత ఆధారం లోపల పడితే వస్తువు నిలుస్తుంది, బయట పడితే ఒరుగుతుంది.

సైకిలు గరిమనాభి ఎక్కడ? ఫ్రేము పై గొట్టానికి ఒకేచోట తాడు వేసి, పెద్దవాళ్ళ సాయంతో కాస్త పైకెత్తండి. ముందుకు ఒరిగితే తాడును ముందుకు, వెనక్కి ఒరిగితే వెనక్కి జరపండి. ఎక్కడ సైకిలు సమంగా వేలాడుతుందో ఆ తాడుకు సరిగ్గా కిందనే గరిమనాభి ఉంటుంది. అక్కడ సుద్దతో గుర్తు పెట్టండి.

ఇప్పుడు స్టాండు కాళ్ళు నేలను తాకే చోట్లను సుద్దగీతలతో కలపండి. మూడు కాళ్ళయితే త్రిభుజం వస్తుంది. సైకిలును బిగించి, గుర్తు దగ్గర నుంచి దారానికి రాయి కట్టి వేలాడదీయండి. రాయి త్రిభుజం మధ్యకు దగ్గరగా ఉండాలి. గీత అంచుకు వచ్చిందంటే ఆ స్టాండు మీ సైకిలుకు పనికిరాదు, లేదా దాని కాళ్ళు సరిగా తెరుచుకోలేదు.

ఒక చిన్న లెక్క చూద్దాం. సైకిలు 18 కిలోలు, స్టాండు 6 కిలోలు, మొత్తం 24 కిలోలు అనుకుందాం. మొత్తం గరిమనాభి నుంచి దిగిన నిలువు గీత త్రిభుజం అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంది. నిలబెట్టే భ్రామకం 24 × 30 = 720. మీరు 120 సెంటీమీటర్ల ఎత్తున పక్కకు తోస్తే 720 ÷ 120 = 6. అంటే 6 కిలోల బరువు ఎత్తేంత బలంతో తోస్తే చాలు, స్టాండు ఒరిగిపోతుంది! అదే 80 సెంటీమీటర్ల ఎత్తుకు దించితే 9 కిలోల బలం కావాలి. ఎత్తు తగ్గితే భద్రత పెరుగుతుందన్నమాట.

తుప్పు పట్టిన నట్టును స్పానరుతో లాగేటప్పుడు 6 కిలోల బలం ఎంతసేపు? అందుకే బిగుసుకుపోయిన నట్లను, పెడళ్ళను సైకిలు నేలమీద ఉన్నప్పుడే వదులు చెయ్యండి. ఎడమ పెడలు మర తిరకాసుగా ఉంటుంది సుమా! దాన్ని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. ఇది తెలియక బలం కొద్దీ లాగి, స్టాండుతో సహా సైకిలును మీద పడేసుకునేవాళ్ళున్నారు.

అసలు ప్రమాదం చైను దగ్గర

పెడలు దగ్గరి పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనక దానికి 18 పళ్ళు ఉన్నాయనుకోండి. చైను ఒక్కొక్క లింకు పొడవు 12.7 మిల్లీమీటర్లు. సెకనుకు ఒకసారి పెడలు తిప్పితే చైను సెకనుకు దాదాపు 56 సెంటీమీటర్లు పరుగెత్తుతుంది. నొప్పి తెలిసి మీ చెయ్యి ఆగడానికి సెకనులో ఐదో వంతు పట్టిందనుకుందాం. ఆ లోపల చైను 11 సెంటీమీటర్లు, అంటే సుమారు 9 లింకులు కదిలిపోతుంది. గుడ్డతో చైను తుడుస్తూ, రెండో చేత్తో పెడలు తిప్పేవాళ్ళ వేలు పళ్ళలోకి పోయేది ఇలాగే. "అబ్బా!" అనేలోపల గోరు ఉండదు.

కనుక ఒకరు పెడలు, ఇంకొకరు గుడ్డ అన్న పద్ధతి వద్దు. ఇద్దరి చేతులకు ఒకే మెదడు లేదు కదా! తుడిచేటప్పుడు పెడలును వెనక్కి నెమ్మదిగా తిప్పండి. గుడ్డను కింది వరుస చైను మధ్యలో, పళ్ళచక్రాలకు దూరంగా పట్టుకోండి. తిరుగుతున్న చక్రం పుల్లల మధ్య వేలు పెట్టకండి. ఓణీ, జడ, వదులు చొక్కా అంచు దోపుకోండి.

గుర్తుంచుకోండి

స్టాండును చదునైన, తడిలేని నేలమీద పెట్టండి. కాళ్ళు పూర్తిగా తెరిచి బిగించండి. బిగించాక సైకిలును మెల్లగా కదిపి చూసి, ఆ తర్వాతే చెయ్యి వదలండి. పలచని గొట్టాల ఫ్రేమును క్లాంపు నొక్కెయ్యవచ్చు. సీటును మోసే కడ్డీని పట్టించడం మేలు. తాళ్ళ ఊయలయితే చక్రాలు నేలకు జానెడు ఎత్తున ఉంటే చాలు. ఫ్యాను కొక్కేనికి మాత్రం కట్టకండి. చిన్నపిల్లలు చుట్టుపక్కల ఉంటే పని ఆపండి.

చివరగా ఒక ప్రశ్న. స్టాండుకు బిగించిన సైకిలు ముందు చక్రాన్ని ఊడదీస్తే గరిమనాభి ఎటు జరుగుతుంది? ఊహించి, తాడుతో పరీక్షించి చూడండి. చక్రం తీసేముందే ఈ జవాబు తెలుసుకున్నవాడి సైకిలు కిందపడదు.