కల్లు రుచి – గుణదోష పరీక్ష

త్రాగుట వేరు, రుచి చూచుట వేరు. త్రాగువాడు తృప్తిని వెదకును; రుచి చూచువాడు గుణమును వెదకును. జపానుదేశమున బియ్యముతో చేయు సాకె అను పానీయము విషయమున ఈ రెండవపని యొక శాస్త్రముగా నెలకొన్నది. అచ్చట మద్యపరిశోధనకై ప్రభుత్వము 1904లో ఒక సంస్థను స్థాపించినది. 1911 నుండి దేశమందలి కొత్త సాకెలను ఒకచోట చేర్చి నిపుణులచే పరీక్ష చేయించు ఆచారము కలదు. మన కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములలో తాటికల్లునకు, ఈతకల్లునకు అట్టి సభలు లేవు. అయినను పరీక్షయే లేదనరాదు. గీతవృత్తిలో నున్న గౌడుల కన్ను, ముక్కు, నాలుక తరతరములుగా ఆ పని చేయుచునే యున్నవి. ఆ పరీక్షకు ఆధారమేమి, అది ఎంతవరకు నమ్మదగినది అను రెండు విషయములను ఇచ్చట వివరింతుము.

సాకెను పరీక్షించుటకు వాడు గిన్నె తెల్లని పింగాణీతో చేసినది. దాని అడుగున రెండు నీలి వలయము లుండును. నీలము మీద పానీయపు తేటదనమును, తెలుపు మీద దాని రంగును చూతురు. పిదప వాసన చూచి, కొద్దిగా నోటపోసికొని, నాలుక యంతటను తిప్పి, ముక్కుగుండ గాలి విడిచి, తుదకు ఉమిసివేయుదురు. చూపు, వాసన, రుచి, ఆ తరువాత నోట నిలుచు రుచి – ఇవి నాలుగు మెట్లు. ఈ వరుస మన కల్లునకును సరిపోవును. కాని తీర్పు చెప్పు సూత్రము మాత్రము తలక్రిందు కావలెను. ఏలయన ఈ రెండు పానీయముల స్వభావము వేరు.

బియ్యములో నున్నది పిండి. ఆవిరిపై ఉడికించిన బియ్యము మీద కోజి అను బూజును పెంచినచో అది పిండిని చక్కెరగా మార్చును. ఆ చక్కెరను ఈస్టు మద్యసారముగా మార్చును. ఇందులకు వారముల కాలము పట్టును. సిద్ధమైన సాకెలో మద్యసారము నూటికి సుమారు 15 పాళ్లు. దానిని చాలవరకు వేడిచేసి, సూక్ష్మజీవుల నణచి, సీసాలలో నింపుదురు గనుక రుచి నెలల తరబడి నిలుచును.

తాటినీటిలో చక్కెర మొదటినుండియే కలదు. నూటికి 10 పాళ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు నుండును. నీరు లొట్టిలో పడినది మొదలు గాలిలోను, పాతలొట్టి గోడలలోను ఉన్న ఈస్టు, ఇతర సూక్ష్మజీవులు తమపని నారంభించును. కొన్ని గంటలలో తీపి తగ్గి, మద్యసారము నూటికి 4, 5 పాళ్లకు చేరును. ఒక దినము గడచినచో కల్లు సిర్కావలె పులిసిపోవును. కావున సాకెకు రుచి మారుట దోషము. కల్లునకు రుచి మారకుండుటయే దోషము. మేము ముఖ్యముగా చెప్పదలచినది ఇదియే.

ఈ సూత్రము మనసులో నుంచుకొనినచో గౌడుల పరీక్ష సులభముగా బోధపడును. తాటిచెట్టు నెక్కి పూగెల కొనను పలుచగా చెక్కి లొట్టి కట్టుదురు. ఈతచెట్టునకు మొవ్వు క్రింద కాండమును చెక్కుదురు. దీని అదను చలికాలము. లొట్టిలోపల సున్నము పూసినచో పులియుట ఆగి, తేటయైన తియ్యని నీరా లభించును. సున్నము లేనిచో అది పాలవలె తెల్లనగును. ఆ తెలుపునకు కారణము నీటిలో తేలియాడు ఈస్టు మొదలగు జీవకణములే. చిన్న బుడగలు విడువక లేచుచున్నచో ఇంకను పులియుచున్నదని గుర్తు. రాత్రి చల్లదనములో కారిన ప్రొద్దుటి కల్లు తియ్యగా నుండును. ఎండలో కారిన మాపటి కల్లు త్వరగా పులియును. లొట్టి శుభ్రముగా కడుగకున్నను పులుపు ముందే వచ్చును. అనుభవశాలి ఒక గుక్కతో కల్లు ఎప్పుడు దిగినదో, లొట్టి ఎట్టిదో ఊహించగలడు. మండువలో ఆకుదొప్ప పట్టినవాడు రుచి చూచునది నిజమునకు కాలమును.

ఆదిలాబాదు అడవులలోని ఇప్పసారా మరియొక జాతి. ఎండాకాలపు ఆరంభమున వేకువజామున రాలు పూలను ఏరి ఎండబెట్టి, నానవేసి, పులిసిన పిదప కాచి దించుదురు. గోండులు పండుగలలో దానిని ముందుగా దేవతలకు ధారపోయుదురు. అది కల్లుకంటె చాల తీక్ష్ణమైనది. అందు వెదకవలసినది పూవు వాసన. వాసన లేక మంట మాత్రమే యున్నచో శంకింపవలెను.

ఇక నాలుకకు లొంగని విషయ మొకటి కలదు. చెట్లు తక్కువై, గిరాకి ఎక్కువైన చోట్ల నీటిలో తీపికి శాకరిన్, మత్తునకు క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, ఆల్‌ప్రజోలమ్ వంటి మందులు కలిపి కల్లు పేర అమ్ముచున్నారు. 2015లో ప్రభుత్వము అట్టి కల్తీని గట్టిగా అరికట్టగా, దానికి అలవాటుపడినవారు నిజామాబాదు, మహబూబునగరము మొదలగు జిల్లాలలో వణుకుతో, మూర్ఛలతో, మతిచలించి ఆసుపత్రుల పాలైరి. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు వలన కొందరు మరణించిరి. క్లోరల్ హైడ్రేటునకు ఘాటైన వాసన, చేదు కలవు. కాని డయజిపామ్, ఆల్‌ప్రజోలమ్ మిల్లీగ్రాముల లెక్కన పనిచేయు మందులు. తీపి పులుపుల నడుమ వాటిని ఎంతటి నేర్పరియైనను పట్టజాలడు. రసాయనశాల పరీక్షయే వాటిని నిశ్చయముగా బయటపెట్టును.

అట్లయిన సామాన్యునకు దారి ఏమి? నోటికంటె ముందు ప్రశ్నను వాడవలెను. ఇది ఏ చెట్టుది? గీసినవారెవరు? ఎప్పుడు దించిరి? ఈ మూడింటికి సమాధానము లేని కల్లు, చుట్టుప్రక్కల చెట్లు లేకున్నను ఏడాది పొడవునను దొరకు కల్లు, ఉదయము సాయంకాలము ఒకే రుచితో నుండు కల్లు – ఇట్టిది ఎంత తియ్యనైనను ముట్టరాదు.

ఇంటిలో నెవరైనను అట్టి కల్లునకు అలవాటుపడి, త్రాగని దినమున నిద్రలేక వణకుచున్నచో, వారిచే బలవంతముగా ఒక్కసారి మాన్పించుట ప్రమాదకరము, మూర్ఛలు రావచ్చును. వారిని నిందింపక వెంటనే వైద్యుని కడకు కొనిపోయి, ఆయన పర్యవేక్షణలో క్రమముగా మాన్పింపవలెను.