గూడు జారిన పిట్టపిల్ల

వేసవి సెలవుల్లో పిల్లలు వీధిలోంచి పరుగెత్తుకొచ్చి, "అమ్మా, పిట్టపిల్ల కిందపడిపోయింది" అంటూ గుప్పిట తెరిచి చూపించడం మీలో చాలామందికి అనుభవమే అయివుంటుంది. అప్పుడు మనం ఏం చేస్తాం? అయ్యో పాపమని లోపలికి తీసుకెళ్లి, దూదిలో పడుకోబెట్టి, నోట్లో నాలుగు చుక్కలు పాలు పోస్తాం. నేనూ అదే చేశాను. అందుకే ఈ సంగతి మీతో ముచ్చటిస్తున్నాను.

మావారి ఉద్యోగరీత్యా మేము కొన్నేళ్లు అరకులో వున్నాము. సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన వున్న లోయ అది. మే నెలలోనైనా సాయంత్రం గాలివాన కొట్టిందంటే శాలువా కప్పుకోవలసిందే. ఒకనాటి గాలికి మా వరండా మీదికి అల్లుకున్న కాగితంపూల తీగ ఊడిపడింది. తెల్లవారి చూస్తే దాని కింద ఒక పిగిలిపిట్ట పిల్ల. పిగిలిపిట్ట అంటే తలమీద నల్లటి కుచ్చు, తోక కింద ఎర్రటి మచ్చ వుండి, మన పట్నం పెరళ్లలో కూడా తిరుగుతుందే, అదే. పిల్లకు ఇంకా ఈకలు విచ్చుకోలేదు. ఇంకు ఫిల్లరు శుభ్రంగా కడిగి పాలు పట్టాను. మధ్యాహ్నానికి ఆయాసం వచ్చింది. దీపాలవేళకు చచ్చిపోయింది. మా పిల్లలు ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

మర్నాడు కూరలు తెచ్చే కొండదొరల ముసలమ్మ ఈ మాట విని, "నిన్న పొద్దున ఇటుగా పోతావుంటే తల్లి ఆ తీగమీదే అరుస్తావుంది గదమ్మా, నీకు వినపడలేదా?" అంది. వినపడింది. ఏదో పిట్ట అరుస్తోందిలే అనుకున్నాను.

పిల్ల కిందపడినంత మాత్రాన దిక్కులేనిది అయిపోదండీ. తల్లీ తండ్రీ ఆ చుట్టుపక్కలే వుంటాయి. మనం అక్కడ నిలబడి వున్నంతసేపూ దగ్గరకు రావు, అంతే. "మనిషి చెయ్యి తగిలితే ఆ వాసనకు తల్లి పొడిచి చంపేస్తుంది" అని మా అత్తగారు అనేవారు, మీ ఇళ్లలోనూ అనే వుంటారు. ఇది నిజం కాదు. పక్షులకు వాసన బొత్తిగా తెలియదని కాదు గాని, ఆ కారణానికి పిల్లను వదిలెయ్యవు. కాకి సంగతే చూడండి. తన గూట్లో కోయిల పెట్టిపోయిన గుడ్డును పొదిగి, ఆ పిల్లకు కూడా తిండి పెడుతుంది. అలాంటిది, మన చెయ్యి తగిలిందని సొంత పిల్లను తోసేస్తుందా? అయితే గుడ్లు పొదిగే రోజుల్లో మాత్రం గూటి దగ్గరకు పదేపదే పోయి తొంగిచూడకూడదు. ఆ బెదురుకు గూడు వదిలేసిన పక్షులున్నాయి.

మొట్టమొదట చూడవలసింది ఈకలు. ఒంటినిండా ఈకలుండి, తోక మాత్రం పొట్టిగా వుండి, గెంతుతూ వుంటే అది పడిన పిల్ల కాదు, ఎగరడం నేర్చుకుంటున్న పిల్ల. చాలా పిట్టలు రెక్కలు పూర్తిగా ఆడకముందే గూడు దిగుతాయి. పిగిలిపిట్ట పిల్లలు గుడ్డు పగిలిన పన్నెండు రోజులకు అటూయిటూగా బయటికొచ్చేస్తాయి. అలాంటిదాన్ని పక్కనున్న పొద కొమ్మమీద పెట్టి, పిల్లిని గదిలో వేసి గడియ పెట్టండి, చాలు. అన్నట్టు, మే, జూన్ నెలల్లో కాకి తలమీద తన్నిందని శనిదోషానికి భయపడి తలస్నానాలు చేస్తుంటాము. దాని పిల్ల ఆ దగ్గర్లో నేలమీద వుండి వుంటుంది, మిమ్మల్ని పొమ్మంటోంది! తీతువు పిల్లలైతే గుడ్డులోంచి వచ్చిన రోజే నేలమీద పరుగెత్తుతాయి. పొలం గట్టున కోడిపిల్లలాంటిది కనిపిస్తే అసలు ముట్టుకోవద్దు.

ఈకలు రాని పిల్ల అయితే గూట్లోకి చేర్చాలి. కాని చల్లబడిన పిల్లను అలాగే పెట్టేస్తే ప్రయోజనం లేదు. ఒళ్లు చల్లబడితే నోరు తెరవదు, నోరు తెరవని పిల్లకు తల్లి తిండి పెట్టలేదు. అరకు చలిలో నాకు తెలియకపోయింది యిదే. రెండు అరచేతుల మధ్య గాని, మెత్తటి పాతగుడ్డలో గాని వెచ్చబడేదాకా వుంచి, తరువాత గూట్లో పెట్టండి. గూడు చెదిరిపోతే చిన్న వెదురుబుట్ట తీసుకుని, అడుగున వాన నీరు కారే సందులున్నాయో లేదో చూసుకుని, ఎండుగడ్డి పరవండి. దూది వద్దు, పోగులు కాళ్లకు చుట్టుకుంటాయి. ఆ చెట్టుకే, నీడపట్టున, గూడు వున్నంత ఎత్తులో బుట్టను తాడుతో గట్టిగా కట్టి, మిగతా పిల్లలు దొరికితే వాటినీ అందులోనే వేసి, లోపలికి వచ్చి కిటికీలోంచి చూడండి. గంటా రెండు గంటలు ఓపిక పట్టాలి.

ఇక తిండి సంగతి. పాలు పక్షికి అరగవు. పైగా వాటి శ్వాసనాళం నోరు నాలిక మొదట్లోనే తెరుచుకుని వుంటుంది. మనం పోసిన చుక్క తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మా పిల్ల ఆయాసం అదే. నీళ్లయినా అంతే. గింజలు తినే పిచ్చుక కూడా పిల్లలకు పెట్టేది ఎక్కువగా పురుగులే. అదీ పొద్దుపొడిచింది మొదలు పొద్దుగూకేదాకా తిరిగి తిరిగి తెస్తుంది. మన వంటింటి పని మానుకున్నా ఆ చాకిరి మనవల్ల కాదు.

పిల్లి పట్టిన పిల్లకు గాయం కనపడకపోయినా ఆలస్యం చేయకూడదు. పంటిగాటు చీముపట్టి చంపేస్తుంది. చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో, చీకటిగా, వెచ్చగా వుంచి, ఏమీ తినిపించకుండా పశువైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి. లేదా అటవీశాఖవారికి చెప్పండి. విశాఖవారు 1977లో తెరిచిన ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాలలోనూ అడగవచ్చు. ఇంట్లో పెంచుకుందామంటారా? మన చిలుకలను, గోరింకలను పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. మాటలు బాగా పలుకుతుందని కొండగోరింక పిల్లలను చెట్టు తొర్రల్లోంచి తీసి అమ్మే వ్యాపారం ఒకప్పుడు దేశంలో బాగా సాగింది. విశాఖ కనుమల పక్షుల మీద 1987, 88 సంవత్సరాల్లో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వచ్చిన వ్యాసాల రచయితల్లో మన కె.ఎస్.ఆర్. కృష్ణరాజుగారు ఒకరు. ఆ కొండల్లో ఎన్ని రకాల పిట్టలున్నాయో అందులో చూడవచ్చు. అరకు చూడబోయినప్పుడు అక్కడ దొరికిన పిల్లను రైల్లో వెంట తెచ్చుకోకండి. వంద కిలోమీటర్లు దాటాక మళ్లీ తల్లికి అప్పగించేదెవరు?

ఆ మరుసటి ఏడు మళ్లీ అదే తీగలో గూడు పెట్టాయి, మళ్లీ గాలివానకు గూడు ఒరిగి రెండు పిల్లలు జారాయి. సంతలో కొన్న బుట్ట కట్టి, పిల్లలను కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. ముప్పావుగంట దాకా ఏమీ రాలేదు. మావారు ఆఫీసుకు బయల్దేరుతూ "ఇక రాదులే" అన్నారు. ఆయన గేటు దాటారో లేదో, తల్లి ముక్కున ఆకుపచ్చటి పురుగుతో బుట్ట అంచుమీద వాలింది.