గాంధీ రాసిన ఉత్తరం మీద అమెరికా పిల్లలకు పరీక్ష

మా చిన్నమ్మ కొడుకు టెక్సాస్‌ల ఉంటడు. ఆయన బిడ్డ పదకొండో తరగతి సదువుతుంది. మొన్న రాత్రి వాట్సాప్‌ల ఫోన్ జేసి, "కాకా, గాంధీ వైస్రాయికి ఉత్తరం రాసిండట, నువ్వు సదివినవా?" అని అడిగింది. ఏపీ పరీక్షకు తయారైతుందట. ఏపీ అనంగనే నాకు పక్క రాష్ట్రం యాదికొచ్చింది. అది గాదు. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. హైస్కూల్‌ల ఉన్నప్పుడే కాలేజీ స్థాయి పాఠం సదివి మే నెలల పరీక్ష రాస్తరు. మంచి స్కోర్ వస్తే చాలా కాలేజీలల్ల ఆ సబ్జెక్టు మళ్ల సదివే పనుండదు, అంత ఫీజు మిగులుతది. శాట్ పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డే దీన్ని గూడ నడుపుతది.

ఈ పిల్ల రాసేది ఇంగ్లిష్ లాంగ్వేజ్ అండ్ కాంపోజిషన్. లెక్కల ఏపీ అంటే భయపడదు గని దీనికి భయపడుతుంది. నేను సర్కారు బడిల తెలుగు మీడియంల సదివి, ఇంటర్ ఇంగ్లిష్ పేపర్ గైడు బట్టీ కొట్టి గట్టెక్కినోణ్ణి. నాకెందుకీ ముచ్చట అనుకున్న. ఆమె పంపిన పాత ప్రశ్నపత్రాలు సూసినంక మాత్రం రెండు రోజులు వాటితోనే గడిచింది.

పరీక్ష 3 గంటల 15 నిమిషాలు. మొదటి గంటల 45 బిట్లు, వాటికి 45 శాతం. మిగిలిన 2 గంటల 15 నిమిషాలల్ల మూడు వ్యాసాలు, వాటికి 55 శాతం. 2025 నుంచి కంప్యూటర్ మీదనే టైపు జెయ్యాలె. స్కోర్ 1 నుంచి 5 దాంక ఇస్తరు. పద్యాలు, నవలలు ఇందుల ఉండయి, వాటికి వేరే పరీక్ష ఉంది. ఇక్కడ ఇచ్చేయి ఉత్తరాలు, ఉపన్యాసాలు, పత్రికల వ్యాసాలు. అంటే మనిషి మనిషిని ఒప్పించనీకి రాసినయి. బిట్లల్ల గూడ సగం దాంక, ఈ వాక్యం ఇక్కడ పెడితే వాదన బలపడుతదా, దెబ్బతింటదా అని అడిగేవే.

మొదటి వ్యాసానికి ఒక విషయం మీద ఆరు ఆధారాలు ఇస్తరు. అందుల ఒక బొమ్మో, అంకెల పట్టికో ఉంటది. కనీసం మూడింటిని వాడుకోని నీ మాట నువ్వు చెప్పాలె. ఆరింటిని వరుసగ అప్పజెప్తే మార్కులు రావు. మూడోదాంట్ల ఆధారాలు గూడ ఇయ్యరు, నీకు తెలిసినదాంతోనే వాదించాలె. నడుమది రెండోది. ఎక్కువమంది బోర్ల పడేది గక్కడనే.

2019 పరీక్షల ఆ రెండో ప్రశ్న గాంధీ ఉత్తరమే. 1930 మార్చి 2న, దండి యాత్రకు పది రోజుల ముందు, వైస్రాయి ఇర్విన్‌కు రాసిండు. దాని చివరి భాగం ఇచ్చి, గాంధీ తన మాట నెగ్గించుకోనీకి ఏం జేసిండో చెప్పుమన్నరు. గాంధీ చేసింది మంచిదా చెడ్డదా అని అడగలేదు. ఎట్ల రాసిండు, గట్లనే ఎందుకు రాసిండు అన్నదే ప్రశ్న.

మా పిల్ల మొదటిసారి రాసి పంపింది సూడుండ్రి. గాంధీ ఈథోస్ వాడిండు, పేథోస్ వాడిండు, లోగోస్ వాడిండు, మళ్ల మళ్ల ఒకే మాట వాడిండు. ఈ మూడు పేర్లు రెండు వేల ఏండ్లకు ముందటి గ్రీకు పెద్దమనిషి అరిస్టాటిల్ చెప్పినయి. చెప్పెటోని మీద నమ్మకం, వినెటోని గుండె, మాటల ఉన్న లెక్క, గంతే. పేర్లు తెలిసినంత మాత్రాన ఏం ఒరిగేది లేదు. వడ్రంగి సంచిల బాడిశ ఉంది, ఉలి ఉంది అని లెక్కబెడితే తలుపు తయారైతదా?

నేను ఫోన్‌ల ఆమెను ప్రశ్నలే అడిగిన. ఉప్పు చట్టాన్ని ఫలానా తారీఖు కాడికెళ్లి ధిక్కరిస్తమని ముందే చెప్పిండు గద, ఎవడన్న దొంగ తారీఖు చెప్పి వస్తడా? నన్ను ముందే అరెస్టు జేసి ఆపొచ్చు, అది నీ చేతులనే ఉంది అని వైస్రాయికే ఎందుకు గుర్తు జేసిండు? ఆమె కొంచెంసేపు ఊకుంది. తర్వాత, "అరెస్టు జేసినా ఇర్విన్‌కే చెడ్డపేరు, చెయ్యకుంటే చట్టం ఓడిపోతది, అంతే గద కాకా?" అన్నది. గదే రాయుమన్న. ఈథోస్ అన్న మాట రాయకున్నా నడుస్తది.

పరీక్షకు ఇయ్యని ముందటి భాగంల ఇంకా గట్టి ముచ్చటుంది. వైస్రాయి జీతం నెలకు 21 వేల రూపాయలు, మామూలు మనిషి రాబడి రోజుకు రెండణాల లోపు అని లెక్కగట్టి, ఐదు వేల రెట్ల కన్నా ఎక్కువని చూపిండు. ఆ వెంటనే, నీకు ఈ జీతం అక్కర లేదని తెలుసు, బహుశ దానాలకే పోతదేమో అని మెత్తగ అన్నడు. దెబ్బ మనిషికి తగల్లేదు, ఆ మనిషి కూసున్న కుర్చీకి తగిలింది. ఆ ఉత్తరాన్ని మోసుకపోయింది గూడ రెజినాల్డ్ రెనాల్డ్స్ అనే ఇంగ్లిష్ యువకుడు.

మార్కులు ఎట్ల ఇస్తరో గూడ దాచిపెట్టలేదు. ఒక్కో వ్యాసానికి 6 పాయింట్లు. నీ వాదన ఏందో తేల్చి చెప్తే 1. ఆధారం చూపి, అది వాదనకు ఎట్ల పనికొచ్చిందో విడమరిచి చెప్తే 4 దాంక. విషయాన్ని లోతుగ, నలుదిక్కులా చూసినోళ్లకు ఇంకొకటి. ఈ ఆఖరిది చాలా తక్కువమందికే వస్తది, దాని ఎంబడి పడి ఆ నాలుగు పోగొట్టుకోవద్దు. పెద్ద పెద్ద మాటలకు వేరే మార్కులు లేవు.

ఇది సదువుతుంటే నాకు నా పాత అర్జీలు యాదికొచ్చినయి. మా ఊరి చెరువు తూము పగిలితే ఒక ఆఫీసుకు నాలుగు పేజీలు రాసిన. కోపమంత కుమ్మరించిన. ఎవరూ సదవలే. ఒక రిటైరైన పంతులు సార్ ఆ కాగితం సూసి, "ఇది సదివెటోడు ఎవడు? సదివినంక వాడు ఏం జెయ్యాలె? అది నీ మొదటి పేజీల ఏడుంది?" అన్నడు. నా కాడ జవాబు లేదు. తర్వాత ఒక్క పేజీ రాసిన. ఎన్ని ఎకరాలు ఎండుతున్నయి, ఇంతకు ముందు ఏ తారీఖున అర్జీ ఇచ్చినం, ఎవరు సంతకం పెట్టి తీసుకున్నరు, గంతే. తూము వెంటనే బాగు కాలే, అబద్ధం ఎందుకు చెప్పాలె. కానీ ఇంజినీరు వచ్చి సూసిపోయిండు. అరిస్టాటిల్ పేరు ఆ పంతులుకు తెలుసో తెల్వదో.

ఇగ తయారయ్యేటోళ్లకు. మూడు వ్యాసాలకు 135 నిమిషాలు, అందుల 15 సదువుకోనీకి, అంటే ఒక్కోదానికి 40. ఇంట్ల గూడ గడియారం పెట్టుకోనే రాయాలె. ఉపోద్ఘాతం రెండు మూడు వాక్యాలల్ల ముగించాలె, చాలామంది గక్కడనే పది నిమిషాలు తింటరు. రోజుకొక సంపాదకీయం సదివి, ప్రతి పేరా పక్కన ఇక్కడ వీడేం జేస్తుండు అని ఒక్క ముక్క రాసుకోవాలె. ఏం చెప్తుండు అని కాదు, ఏం జేస్తుండు అని. భయపెడుతుండా, పొగుడుతుండా, ఎదుటోని మాట ముందే ఒప్పుకోని తర్వాత తిప్పికొడుతుండా? మూడో వ్యాసంల లింకన్, ఐన్‌స్టీన్ ఉంటేనే ఆధారం అనుకోవద్దు. కండ్లార సూసింది గూడ ఆధారమే. మా పిల్ల తన నాయినమ్మ కూరగాయల బేరం ముచ్చట పెట్టింది, బాగనే అతికింది.

అమెరికల గూడ అందరికీ ఇది అందుతలేదు. పరీక్ష ఫీజు వంద డాలర్ల దగ్గర ఉంది. పేదోళ్లకు తగ్గింపు ఉన్నా, పేద బస్తీల బడులల్ల ఏపీ క్లాసులే తక్కువ.

మీరు ఈ పరీక్ష రాయరు, నాకు తెలుసు. గ్రూప్-1 మెయిన్స్‌ల మొదటి పేపరు జనరల్ ఎస్సే, 150 మార్కులు. జీఆర్‌ఈ రాసెటోళ్లకు 30 నిమిషాల వ్యాసం ఉంది. రెండింట్ల అడిగేది గూడ ఇదే తీరు పని. కాలేజ్ బోర్డ్ వెబ్‌సైట్‌ల పాత వ్యాస ప్రశ్నలు, పిల్లలు రాసిన జవాబులు, వాటికి ఎన్ని పాయింట్లు ఎందుకిచ్చినరో అన్నీ పైస ఖర్చు లేకుండ ఉన్నయి. 2019 రెండో ప్రశ్న తీసి, 40 నిమిషాలు పెట్టుకోని, ఇంగ్లిష్ రాకుంటే తెలుగులనే రాయుండ్రి. రాసినంకనే ఆ నమూనా జవాబులు తెరవుండ్రి, ముందు కాదు.