మర్హబా అన్నా, దయచేయండి అన్నా...

గడప దగ్గర నిలిచిన అతిథిని ఆహ్వానించే మాట ప్రతి భాషలోనూ ఉంది. రోజూ వాడే మాటలు కనుక వాటి అర్థాన్ని మనం అంతగా పట్టించుకోము.

మేము పిల్లలకు అరబ్బీ పాఠం చెప్పేటప్పుడు 'మర్హబా'తో మొదలుపెడతాము. విశాలత అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టిన మాట అది. 'మా దగ్గర మీకు కావలసినంత చోటుంది' అని భావం. 'అహ్లన్ వ సహ్లన్'లో 'అహ్ల్' అంటే సొంతవారు, 'సహ్ల్' అంటే ఎత్తుపల్లాలు లేని నేల. మీరు మీవాళ్ళ దగ్గరికే వచ్చారు, ఇక్కడ మీకు ఏ ఇబ్బందీ లేదని చెప్పడమన్నమాట.

తూర్పు ఆఫ్రికాలో స్వాహిలీ మాట్లాడేవారు 'కరీబు' అంటారు. ఉర్దూలో మనం దగ్గర అనే అర్థంలో వాడే 'ఖరీబ్' అనే అరబ్బీ మాటే అది. తుర్కీలో ఇంటివారు 'హోష్ గెల్దినిజ్' (సంతోషంగా వచ్చారు) అంటే, అతిథి 'హోష్ బుల్దుక్' (మాకూ ఇక్కడ సంతోషమే దొరికింది) అని బదులిస్తాడు.

ఉర్దూలో 'తష్రీఫ్ లాయియే' అంటాము. తష్రీఫ్ అంటే గౌరవం కలిగించడం. మీ రాక మాకు గౌరవమని భావం. తెలుగులో 'దయచేయండి' అంటాము. మీరు రావడమే మా మీద దయ అని భావం. రెండు భాషల్లోనూ మేలు చేసినవాడు అతిథే, మేలు పొందినవారు ఇంటివారే!

అయినా మన కుటుంబాలలో ఒక బాధ కనిపిస్తుంది. పల్లెలో పుట్టి, తెలుగు బడిలో చదివిన అమ్మాయి ఉర్దూ మాట్లాడే ఇంటికి కోడలుగా వెళ్తుంది. 'ఆప్' అనవలసిన చోట 'తుమ్' అంటుంది. వెంటనే 'తెహజీబ్ తెలియని పిల్ల' అనే ముద్ర పడుతుంది. ఆ అమ్మాయే తెలుగులో 'రండి మామయ్యా, కూర్చోండి' అని మంచినీళ్ళు అందిస్తే అందులో లోపమేముంది? అతిథికి 'మర్హబా' అని చోటు చూపించి, ఇంటి కోడలికి మాత్రం మనసులో చోటివ్వకపోవడం ఏ సంస్కారం?

సలాం విషయంలో దైవప్రవక్త (స) నేర్పిన మర్యాదలు చూడండి. వాహనంపై వెళ్ళేవాడు నడిచేవాడికి, నడిచేవాడు కూర్చున్నవాడికి, కొద్దిమంది ఎక్కువమందికి ముందుగా సలాం చేయాలి. పరిచయం ఉన్నవారికీ లేనివారికీ సలాం చేయమన్నారు. ఎవరైనా పలకరిస్తే అంతకంటే మంచి మాటతో, లేదా కనీసం అదే మాటతో బదులివ్వమని దివ్య ఖుర్ఆన్ నిసా సూరా 86వ వాక్యం ఆదేశిస్తున్నది. పొరుగింటివారు 'బాగున్నారా?' అన్నప్పుడు ముఖం విప్పి 'బాగున్నామండీ, మీరెలా ఉన్నారు?' అనడం మన ధర్మం కాదా?

పిల్లలకు సలాంతో పాటు 'తష్రీఫ్' అర్థమూ, 'దయచేయండి' అర్థమూ చెప్పండి. కోడలికి ఉర్దూ రాకపోతే ప్రేమతో నేర్పండి. నేర్చుకునేలోగా ఆమె తెలుగులో పలికే ఆహ్వానాన్ని నలుగురి ముందూ గౌరవించండి.