ఎక్స్‌రేలో కనపడని దెబ్బకి లెక్క ఎంత?

మాడుగుల హల్వా తిన్నవాళ్లు చాలామంది ఉంటారు. అది వండటం చూసినవాళ్లు తక్కువ. గోధుమలు రోజుల తరబడి నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, ఆ పాలని పంచదార, నెయ్యితో కళాయిలో పోసి గంటల కొద్దీ కలపాలి. మధ్యలో ఆపితే అడుగంటిపోద్ది. ఆ తెడ్డు తిప్పడానికి కావాల్సింది భుజం, మణికట్టు. మా మేనత్త కొడుకు పదేళ్లు చేసిన పని అదే. నాకు చిన్నప్పట్నుంచీ బావ అంటే ఆ కుడిచెయ్యే గుర్తు.

రెండేళ్ల కిందట చోడవరం నుంచి బైక్ మీద ఇంటికొస్తుంటే ఓవర్‌టేక్ చేస్తూ ఎదురొచ్చిన కారు గుద్దేసింది. హెల్మెట్ ఉంది కాబట్టి తల బతికింది. కుడి దండచెయ్యి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేట్ వేశారు. నాలుగు నెలల తర్వాత నేను హైదరాబాద్ నుంచి ఊరెళ్తే అరుగు మీద కూర్చుని ఎక్స్‌రే నా చేతిలో పెట్టాడు.

"ఎముక బాగానే అతికిందంతన్నార్రా. మరి సెయ్యేటి ఇలా యాలాడిపోతంది?"

నిజమే. అరచెయ్యి కిందకి వేలాడుతోంది, పైకి లేవట్లేదు. గ్లాసు పట్టుకుంటే జారిపోతోంది. ఎక్స్‌రే మాత్రం నీట్‌గా ఉంది.

నేను డాక్టర్ని కాదు, కోడ్ రాసుకునేవాణ్ణి. కానీ ఆ రాత్రి మొదలుపెట్టిన చదువు ఇంకా అవ్వలేదు. దండచెయ్యి ఎముక చుట్టూ చుట్టుకుని వెళ్లే నరం ఒకటుంది, రేడియల్ నర్వ్ అంటారు. మణికట్టుని, వేళ్లని పైకి లేపమని చెప్పే వైరు అదే. ఎముక విరిగినప్పుడు అది కూడా నలగొచ్చు, తెగొచ్చు. ఎక్స్‌రేలో ఎముక కనపడుద్ది, నరం కనపడదు. నరం సంగతి తెలియాలంటే నర్వ్ కండక్షన్ స్టడీ, ఈఎంజీ అనే పరీక్షలు చెయ్యాలి. దెబ్బ తగిలిన వెంటనే చేస్తే రిజల్ట్ సరిగ్గా రాదు, సుమారు మూడు వారాలు ఆగాలి.

ఈ రేడియల్ నర్వ్ చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే తిరిగొస్తుంది. డాక్టర్లు ఆగి చూద్దాం అనేది అందుకే. అయితే నరం పెరిగే స్పీడు రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు. భుజం దగ్గర దెబ్బ తగిలితే అది వేళ్ల దాకా రావడానికి ఏడాది పైనే పడుతుంది. ఈలోపు సిగ్నల్ అందని కండరాలు ఎండిపోతుంటాయి. అందుకే ఆపరేషన్ అవసరమైనవాళ్లకి మొదటి ఆరు నెలలూ చాలా విలువైనవి. బైక్ యాక్సిడెంట్లలో ఇంకా ఘోరమైనది మెడ నుంచి చేతికి వెళ్లే నరాల గుత్తి తెగిపోవడం, బ్రాకియల్ ప్లెక్సస్ అంటారు. దాంతో చెయ్యి మొత్తం పడిపోవచ్చు. మోకాలి పక్కన నరం దెబ్బతింటే పాదం పైకి లేవదు, నడుస్తుంటే నేలకి ఈడ్చుకుంటుంది.

సరే, డబ్బు సంగతికొద్దాం. ఆ కారాయన తరఫున ఊరి పెద్దమనుషులు ఇద్దరు వచ్చారు. యాభై వేలు ఇస్తాం, కేసు వద్దు, రేపు మీరూ మేమూ మొహాలు చూసుకోవాలి కదా అని. అత్త దాదాపు ఒప్పేసుకుంది. ఆసుపత్రి అప్పే అంతకి రెండింతలుంది మరి. బావ కూడా "పోన్లేరా, కోర్టులెవరు తిరగ్గలరు" అన్నాడు. పోలీసు కంప్లైంట్ అప్పటికే ఆసుపత్రి నుంచి వెళ్లి ఎఫ్ఐఆర్ అయింది కాబట్టి బతికిపోయాం.

మన దేశంలో ఈ పరిహారం ఇచ్చేది మోటార్ యాక్సిడెంట్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్. మామూలుగా జిల్లా కోర్టు జడ్జీలే దీన్ని చూస్తారు. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద పిటిషన్ వెయ్యాలి. కారుకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి కాబట్టి డబ్బు ఎక్కువసార్లు ఇన్సూరెన్స్ కంపెనీ నుంచే వస్తుంది, కారాయన జేబులోంచి కాదు. ఈ ముక్క చెప్పాక పెద్దమనుషులు కూడా మెత్తబడ్డారు. ఇంకోటి, ప్రమాదం జరిగిన చోటే వెయ్యాలని లేదు. బాధితుడు ఉండే ఊరి పరిధిలో ఉన్న ట్రిబ్యునల్‌లో కూడా వెయ్యొచ్చు. గచ్చిబౌలిలో దెబ్బ తగిలిన మాడుగుల కుర్రాడు ఇంటికొచ్చి ఇక్కడే వేసుకోవచ్చన్నమాట.

అసలు మెలిక టైములో ఉంది. 2019లో చట్టం మార్చి, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా పిటిషన్ వెయ్యాలని పెట్టారు. 2022 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. దాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. ఆ విషయం తేలేదాకా టైము దాటిందన్న ఒక్క కారణంతో పిటిషన్లు కొట్టేయొద్దని 2025 నవంబరులో మధ్యంతర ఆదేశం వచ్చింది. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. ఎందుకంటే ఇక్కడ రెండు గడియారాలు వేర్వేరుగా తిరుగుతుంటాయి. నరం ఎంత తిరిగొస్తుందో తేలడానికి ఏడాదిన్నర పట్టొచ్చు, చట్టం ఇచ్చింది ఆరు నెలలు. కాబట్టి ముందు పిటిషన్ వేసెయ్యాలి, వైకల్యం సర్టిఫికెట్ తర్వాత విచారణలో పెట్టుకోవచ్చు. మేం ఐదో నెలలో వేశాం.

ఇక్కడ ఇంకో ఉచ్చు ఉంది. 164వ సెక్షన్ కింద తప్పెవరిదో నిరూపించకుండానే తీవ్రమైన గాయానికి రెండున్నర లక్షలు తీసుకోవచ్చు. తొందరగా వస్తుంది, బాగానే ఉంది. కానీ అది సెటిల్‌మెంట్‌గా ఒప్పుకుని తీసుకుంటే 166 కింద వేసిన పిటిషన్ పోతుంది. అప్పుల్లో ఉన్న ఇంటికి రెండున్నర లక్షలు పెద్దగానే కనపడతాయి. దాని పక్కన ఏం పోగొట్టుకుంటున్నామో తెలియాలంటే లెక్క చూడాలి.

ఆ లెక్క ఒక ఫంక్షన్ లాంటిది. ఇన్‌పుట్లు నాలుగు: సంవత్సర ఆదాయం, భవిష్యత్తులో పెరగాల్సిన ఆదాయం, వయసుని బట్టి మల్టిప్లయర్, సంపాదన ఎంత శాతం పోయిందన్నది. మల్టిప్లయర్ పట్టిక 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. 26 నుంచి 30 ఏళ్ల వాళ్లకి 17. 40 ఏళ్లలోపు సొంతంగా పని చేసుకునేవాళ్ల ఆదాయానికి 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేథీ తీర్పు చెప్పింది. చనిపోయినవాళ్ల కేసులకే కాదు, గాయపడినవాళ్లకి కూడా అది కలపాలని 2020లో పప్పు దేవ్ యాదవ్ కేసులో తేల్చారు.

28 ఏళ్ల మనిషి నెలకి 18,000 సంపాదిస్తున్నాడనుకోండి. ఏడాదికి 2,16,000. దానికి 40 శాతం కలిపితే 3,02,400. 17తో గుణిస్తే 51,40,800. ఇప్పుడు మొత్తం ఆ నాలుగో ఇన్‌పుట్ మీద ఆధారపడి ఉంది. 25 శాతం అంటే 12,85,200. 60 శాతం అంటే 30,84,480. మనిషి అదే, నరం అదే, తేడా దాదాపు 18 లక్షలు.

కోర్టులో కొట్లాటంతా ఈ ఒక్క నంబర్ మీదే. మెడికల్ సర్టిఫికెట్‌లో శాతం మామూలుగా ఆ చేతికో కాలికో రాస్తారు. మొత్తం శరీరానికి చూస్తే అది తగ్గుతుంది. ఇన్సూరెన్స్ లాయర్లు అక్కడే ఆపుతారు. కానీ 2010లో వచ్చిన రాజ్ కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ తీర్పు, వైకల్యం శాతం వేరు, సంపాదన పోయిన శాతం వేరు అని స్పష్టంగా చెప్పింది. అందులో ఇచ్చిన ఉదాహరణ చూడండి. ఎడమ చెయ్యి పోయిన మనిషి డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన దాదాపు నూరు శాతం పోయినట్టే. అదే ప్రభుత్వ గుమాస్తా అయితే ఉద్యోగం పోకపోవచ్చు. అంటే చెయ్యి ఎంత పోయిందని కాదు, ఆ చేత్తో ఏం చేసేవాడన్నది అడగాలి. బావ కేసులో నేను లాయర్‌గారికి మొట్టమొదట ఇచ్చింది ఆయన హల్వా కలుపుతున్న పాత వీడియో. మా పెళ్లిలో తీసింది, ఎవరికీ పనికిరాదనుకున్నది.

కీబోర్డ్ పని చేసేవాళ్లకేం కాదులే అనుకోకండి. పప్పు దేవ్ యాదవ్ టైపిస్టు, డేటా ఎంట్రీ పని చేసేవాడు, ప్రమాదం నాటికి 20 ఏళ్లు. కుడిచేయి కోల్పోయాడు. ఇంకేదైనా పని చేసుకోవచ్చు కదా అని హైకోర్టు 45 శాతమే ఇచ్చింది. సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టి 65 చేసింది.

మన తెలుగునేల మీది కేసు ఒకటి చెప్పాలి, రోడ్డు ప్రమాదం కాదు గానీ నరాలదే. 1990లో హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న ప్రశాంత్ ధనంక నిమ్స్‌లో జరిగిన ఆపరేషన్ తర్వాత నడుము కింద పక్షవాతంతో చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు. జాతీయ వినియోగదారుల కమిషన్ 1999లో పదిహేనున్నర లక్షలు ఇచ్చింది. 2009లో సుప్రీంకోర్టు దాన్ని కోటి రూపాయలు చేసింది. అప్పటికి ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మందులు, సాయం మనిషి, ఫిజియోథెరపీ, పోయిన భవిష్యత్తు, అన్నీ విడివిడిగా లెక్కపెట్టాల్సినవే అని ఆ తీర్పు చదివితే అర్థమైంది. మేం ఫిజియోథెరపీ బిల్లులు సగం పారేశాం. ఆటో ఖర్చులకైతే కాగితమే లేదు.

మీకో మీ ఇంట్లోవాళ్లకో జరిగితే చెప్పేది ఇదే. ఆదాయం నిరూపించడానికి పే స్లిప్ లేకపోతే బ్యాంకు స్టేట్‌మెంట్, యూపీఐ హిస్టరీ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఏ రుజువూ లేకపోతే ట్రిబ్యునల్ కనీస వేతనం లాంటి అంచనాతో సరిపెడుతుంది. తిమ్మిరి, మంట, పట్టు లేకపోవడం, ఏదైనా సరే మొదటి వారంలోనే డాక్టరుకి చెప్పి చీటీలో రాయించండి. ఆర్నెల్ల తర్వాత చెప్తే ఇది ప్రమాదం వల్లే అని రుజువేంటి అంటారు. గుద్దిన బండి దొరక్కపోతే హిట్ అండ్ రన్ స్కీమ్ కింద తీవ్ర గాయానికి వచ్చేది 50,000 మాత్రమే, కాబట్టి నంబర్ ప్లేట్ ఫొటో విలువ లక్షల్లో ఉంటుంది. 2025 మే నుంచి ప్రమాద బాధితులకి మొదటి ఏడు రోజులు లక్షన్నర దాకా క్యాష్‌లెస్ చికిత్స స్కీమ్ ఉంది, ఆసుపత్రిలో అడగండి.

బావ కేసు ఇంకా తేలలేదు. పద్దెనిమిది నెలలు దాటాక మెడికల్ బోర్డు సర్టిఫికెట్ వచ్చింది. సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, డాక్టర్ వచ్చి సాక్ష్యం చెప్పాలి. రెండుసార్లు వాయిదా పడింది. మణికట్టు కొంచెం లేస్తోంది, గ్లాసు నిలుస్తోంది, తెడ్డు మాత్రం తిరగట్లేదు. ఇప్పుడు అదే కొట్లో ఎడమచేత్తో డబ్బాలకి స్టిక్కర్లు అంటిస్తున్నాడు, సగం జీతానికి.

పోయిన పండక్కి వెళ్తే అడిగాడు. "ఒరే, జడ్జిగారు నా సెయ్యి సూసి, పైకి లెగుస్తంది కదా అంటే ఏటి సెప్పాలి?"

లాయర్‌గారిని అడిగాను. ఆయన నవ్వి, వాయిదాకి ఆ తెడ్డు కూడా పట్టుకురమ్మన్నారు. మూడున్నర కిలోలు ఉంది, తూచి చూశాం.